వాకిట్లో బోర్లించిన తట్ట

ఆ లైన్ల నక్షా పైనుంచి వచ్చిందని నేను చాలామందితో చెప్పాను. అది అబద్ధం. పైనుంచి వచ్చిన నక్షా వేరు, నేను నేల మీద ముగ్గు పోయించినది వేరు. ఆ తేడా ఒక మనిషి నిద్రను తినేసింది. ఇన్నేళ్లకు అది రాయాలని కూర్చున్నాను.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయింది. నేను ఆదిలాబాద్ జిల్లాలో, గోదావరికి అవతల, ఒక బొగ్గుగని ఊళ్లో ఓవర్సీరుగా ఉన్నాను. ఊరు అనడం కూడా ఎక్కువే. రెండు బాయిలు (అక్కడ గనిని బాయి అనే అంటారు), ఒక దవాఖానా, ఒక ఆఫీసు, రైలు పట్టాలు, వాటి చుట్టూ గుడిసెలు. కరీంనగర్ దిక్కు నుంచి వచ్చినవాళ్లు, బోథ్ దిక్కు నుంచి దిగినవాళ్లు, మరాఠీ మాట్లాడేవాళ్లు, ఎవరెవరో. నెల తిరిగేసరికి కొత్త గుడిసెలు లేచేవి. మూడో బాయి తవ్వబోతున్నారు, జనం ఇంకా పెరుగుతారు, కాబట్టి గుడిసెలు తీసేసి వరసగా క్వార్టర్లు కట్టాలని కంపెనీ నిర్ణయించింది. మొదట ఆరు లైన్లు, తరువాత మరో ఆరు. ఆ పని నాకు అప్పగించారు.

బాయి ఊరికీ మామూలు ఊరికీ ఒక తేడా ఉంది. బాయి ఊళ్లో మిట్టమధ్యాహ్నం కూడా కొన్ని వందల మంది నిద్రలో ఉంటారు. రాత్రి షిఫ్టుకు దిగినవాళ్లు పొద్దున సైరను కూశాక పైకి వచ్చి, ఒళ్లు కడుక్కుని, ఇంత తిని, తొమ్మిదింటికి పడుకుంటారు. మళ్లీ దీపాలు పెట్టే వేళకు లేస్తారు. వాళ్ల కోసం గుడిసెల్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరి ఇంట్లో మనిషి పడుకున్నాడో ఆ ఇంటి ఆడమనిషి వాకిట్లో బొగ్గు తట్టను బోర్లించేది. బోర్లించిన తట్ట కనపడితే కూరగాయలామె కేక వేయదు, పిల్లలు అక్కడ ఆడరు, చుట్టమొచ్చినా పిలవకుండా అరుగు మీద కూర్చుంటాడు. ఈ కట్టుబాటును ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పేవారు కాదు.

గుడిసెలు వంకరటింకరగా ఉండేవి. నాకు అప్పుడు వంకరే కనపడింది. ఇప్పుడు తలుచుకుంటే వేరేవి కనపడతాయి. పడమటి గోడ మట్టితో మందంగా పెట్టేవారు. ఆ వైపు చూరు మోకాళ్ల ఎత్తుకు దించేవారు. గుడిసెకూ గుడిసెకూ మధ్య గాలి పోయేంత సందు ఉండేది. ఏ ఇప్పచెట్టునూ కొట్టలేదు. చెట్టు ఎక్కడుంటే గుడిసె అక్కడికి జరిగింది.

పైనుంచి, అంటే పెద్ద ఆఫీసు నుంచి వచ్చిన నక్షాలో లైన్లు తూర్పు పడమరలుగా పొడుగ్గా ఉన్నాయి. గుమ్మాలు ఉత్తరానికి. కాగితం మూలన చిన్న అక్షరాలతో, పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకు ఉండాలి, ఉన్న చెట్లను వీలైనంత ఉంచాలి అని రాసి ఉంది. నేను చదివాను. ఇలాంటి మాటలు ప్రతి కాగితం మీదా ఉంటాయని అనుకున్నాను.

నాకు నచ్చనిది ఏమిటంటే, మా ఊరి రోడ్డు ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. నక్షా ప్రకారం కడితే రోడ్డు మీద పోయేవాళ్లకు లైన్ల చివరి మొండిగోడలు మాత్రమే కనపడతాయి. పని పూర్తయ్యేనాటికి పెద్ద అధికారులు చూడటానికి వస్తారని అప్పటికే అంటున్నారు. వాళ్ల జీపుకు మొండిగోడలు చూపించడం నాకు మనస్కరించలేదు. కాగితాన్ని బల్ల మీద పావువంతు తిప్పి చూశాను. లైన్లు రోడ్డు పక్కగా నిలబడ్డాయి. గుమ్మాలన్నీ వరసగా, దారం పట్టినట్టు, రోడ్డు వైపు, అంటే పడమరకు చూశాయి. ఎంత ముద్దుగా ఉందో! మురుగుకాలువ తవ్వకం కూడా కొంచెం తగ్గుతుంది. ట్రేసింగు గుడ్డ మీద కొత్తగా గీసి, ఉత్తరం బాణం గుర్తు మార్చి, కింద పాత నక్షా నంబరే వేశాను. మూలన ఉన్న చిన్న అక్షరాలు దించలేదు.

మా బాపు సాలె. గుంట మగ్గం మీద బతికినవాడు. మా ఇంట్లో మూడు గదులుంటే మగ్గం ఎప్పుడూ తూర్పు గదిలోనే ఉండేది. పడమటి గదిలో కట్టెలూ గింజలూ. "గా గోడకు మగ్గమేస్తే నూలు ఎండి తెగుతది బిడ్డా" అనేవాడు. అది వింటూ పెరిగినవాణ్ణి. నూలుపోగు తట్టుకోలేని గోడకు నేను మనుషులను అంటగట్టాను. చదువు రాక చేసిన తప్పు అని చెప్పుకోవడానికి కూడా నాకు వీలు లేదు.

ముగ్గు పోస్తున్న రోజున ఒకామె వచ్చింది. నాకంటే పదేళ్లు పెద్దది. భర్తది బోథ్ దగ్గర పల్లె. జొన్న, పత్తి పండించుకుంటూ బతికి, రెండేళ్లు వరసగా వానలు లేక బాయికి వచ్చాడు. రాత్రి షిఫ్టులో పట్టాల మీది టబ్బుల్లో బొగ్గు నింపే పని. వాళ్ల గుడిసె మీద రెండు ఇప్పచెట్లు ఉన్నాయి. మొదటి లైను ముగ్గు సరిగ్గా ఆ రెండింటి మొదళ్ల మీదుగా పోయింది.

"సారూ, గీ రెండు చెట్లన్న ఇడిసిపెట్టుండ్రి. మా ఇంటాయన పొద్దంత గీ నీడకే పండుకుంటడు" అంది.

"ఇల్లు వస్తుంది గదమ్మా. ఇంట్లో పండుకుంటడు" అన్నాను.

"ఇంటి మొకం ఎటు?"

రోడ్డు వైపు చూపించాను. ఆమె చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని పడమరకు చూసింది.

"పొద్దుగూకేదాంక ఎండంత ఇంట్లనే ఉంటదన్నట్టు. గింత జర ఇటు తిప్పరాదు సారూ? ఉత్తరం మొకం పెడితే మీకేం పోతది?"

సరిగ్గా కాగితం మీద ఉన్న మాటే ఆమె అడిగింది. అప్పుడే చెప్పాను ఆ అబద్ధం: "నా చేతుల ఏమున్నదమ్మా? నక్షా పైనుంచి వచ్చింది."

"పైనుంచంటే? మీదున్న దేవుడు గీసి కింద పడేసిండా?" అంది. చుట్టూ ఉన్న కూలీలు నవ్వారు. "గా పైనున్నోళ్లు గీడికొచ్చి పండుకుంటరా మరి?"

ఆమె భర్త గుడిసెలోంచి కళ్లు నులుముకుంటూ బయటికి వచ్చాడు. మా మాటలకే లేచి ఉంటాడు. వాకిట్లో తట్ట బోర్లించి ఉంది, నేను చూసుకోలేదు.

"నడువే, సారును పరేషాన్ చెయ్యకు. సారుకు మాత్రం తెల్వదా?" అన్నాడు.

ఆ మాట చాలా రోజులు నన్ను గుచ్చింది. చెట్లు మాత్రం ఆ వారమే కొట్టించాను.

చలికాలం చివరికి లైన్లు పూర్తయ్యాయి. ఇటుక గోడలు, సిమెంటు రేకులు, ముందు ఒక గుమ్మం, ఒక కిటికీ, వెనక చిన్న పెరడు. జీపు వచ్చింది, పోయింది. దిగిన అధికారి లైను పొడుగునా చూసి తల ఊపాడు. ఆ తల ఊపడం కోసం నేనెంత ఎదురుచూశానో చెప్పడానికి సిగ్గేస్తుంది. నాకిచ్చిన క్వార్టరు పాత రోజుల్లో కట్టింది. పెంకుల కప్పు, ఉత్తరానికి వరండా, పడమట వేపచెట్లు. నేను మధ్యాహ్నం భోంచేసి ఆ వరండాలో ఒక కునుకు తీసేవాణ్ణి.

మార్చి వెళ్లేసరికి ఎండ ముదిరింది. బోథ్ ఆయన భార్య తన ఇంటి ముందు గుంజలు పాతి, తడకలు కట్టి, తాటాకు కప్పింది. లైను మొత్తంలో అదొక్కటే ముందుకు పొడుచుకువచ్చింది. కట్టిన గీత దాటి ఎవరూ ఏమీ వేయకూడదని నియమం. నేను మనుషులను పంపి పీకించాను. నేను వెళ్లలేదు, పంపాను.

ఏప్రిల్‌లో ఒకనాడు మధ్యాహ్నం నీళ్ల పైపు చూడటానికి లైన్ల మధ్య నడిచాను. వడగాలి కొడుతోంది. ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో కాసేపటికి గాని అర్థం కాలేదు. వాకిళ్లలో తట్టలు లేవు. ఒక లైను పొడుగునా నడిస్తే ఒక్కటి కనపడింది, అదీ పసిపిల్లల కోసమేమో. రాత్రి షిఫ్టువాళ్లు ఇన్ని ఇళ్లలో ఉండగా తట్టలెందుకు లేవు? రోడ్డు దాటాక జవాబు దొరికింది. పట్టాల కింద తూముంది, ఎండాకాలం నీళ్లుండవు. అందులో మగవాళ్లు ఒకరి పక్కన ఒకరు, మొహాల మీద తువ్వాళ్లు వేసుకుని పడుకున్నారు. బొగ్గు బండి పైనుంచి పోయినప్పుడల్లా లేచి కూర్చుని, మళ్లీ ఒరుగుతున్నారు. అందులో బోథ్ ఆయన కూడా ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఇంట్ల పండుకోరాదా?" అన్నాను.

"బాయిల ఎండుండదు సారూ. పనిచేసే జాగల నిద్రొస్తది. నిద్రపోయే జాగల చెమటొస్తది. ఏం జేస్తం?" అన్నాడు.

నాకు అర్థమైంది. ఆరోజే, ఆ తూము ముందే అర్థమైంది. అయినా ఎవరితోనూ ఏమీ అనలేదు. అప్పటికి రెండో విడత ఆరు లైన్లకు గూటాలు కొట్టించి ఉన్నాను, అదే దిక్కుకు. వాటిని తిప్పాలంటే మొదటివాటిని తిప్పింది నేనేనని ఒప్పుకోవాలి. నెల రోజులు ఊరుకున్నాను.

ఆ నెల చివర్లో, తెల్లవారి షిఫ్టు దిగే ముందు, బోథ్ ఆయన బాయిలో పట్టాల పక్కన కూర్చుని తూగాడు. టబ్బు చక్రం పాదం మీదికి ఎక్కింది. రెండు వేళ్లు తీసేశారు. దవాఖానాకు వెళ్లి చూశాను. కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టి ఉంది.

"నిద్రపోలే సారూ. జర కండ్లు మూసిన, గంతే" అన్నాడు. నేనేదో విచారణకు వచ్చాననుకున్నట్టున్నాడు.

భార్య మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి భర్తతో, "సారొచ్చిండు. పైనుంచి" అంది.

మరునాడు మధ్యాహ్నం నేను వాళ్ల ఇంటికి వెళ్లాను. ఏం చెప్పాలో అనుకుంటూ వెళ్లాను, వాకిట్లోకి పోగానే మరిచిపోయాను. ఆమె, పక్కింటి ముసలమ్మ గుమ్మం దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు.

"ఇంట్ల ఎట్లుంటదో చూస్త" అన్నాను.

"చూస్తే ఏం తెలుస్తది? పండుకొని చూడుండ్రి. మంచం ఖాళీగనే ఉన్నది" అంది.

నవ్వుతూ అందనుకున్నాను. నవ్వడం లేదు. ముసలమ్మ "పండు కొడుకా, పండు. ఒక్క పొద్దుకు సచ్చిపోవు" అంది. వాళ్లిద్దరూ చేటలు ఎత్తుకుని పెరట్లోకి, గోడ నీడకు పోయారు. పోయేముందు ఆమె ఒక పని చేసింది. మూలనున్న తట్ట తీసి వాకిట్లో బోర్లించింది. నా కోసం.

నులకమంచం మీద పడుకున్నాను. ఒంటిగంట అయివుంటుంది. గుమ్మానికి తడిపిన గోనె వేలాడుతోంది, పావుగంటలో ఎండిపోయింది. రేకులు వేడికి చిటచిటమంటున్నాయి. తలుపు తీస్తే వడగాలి, మూస్తే ఊపిరాడదు. రెండున్నర అయ్యేసరికి ఎండ ముందు గోడ మీదికి వచ్చింది. గోడకు చేయి ఆనించి తీసేశాను. రొట్టెలు కాల్చే పెంక అలాగే ఉంటుంది. ఒళ్లు నిలువునా తడిసింది. కునుకు పట్టినట్టే పట్టి, గొంతు ఎండి మెలకువ వచ్చేది. అలా ఎన్నిసార్లో. పొద్దున తొమ్మిదింటికి పడుకునే మనిషికి అప్పుడు పెరట్లో ఎండ, అందుకని లోపల. మధ్యాహ్నం లోపల మంట, అందుకని పెరట్లోకి. మంచం మోసుకుని తిరగడానికే అతని పగలు సరిపోయేది, లేదంటే తూము. ఆ తరువాత రాత్రంతా చీకట్లో బొగ్గు.

మూడు దాటాక వీధిలో ఐసు అమ్మేవాడి గంట వినపడింది. దగ్గరకొస్తోంది. వాకిలి ముందుకు రాగానే ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే, గంట నాలుకను చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా బండి తోసుకుంటూ పోతున్నాడు. అవతలి ఇల్లు దాటాక మళ్లీ గంట మోగింది. లోపల పడుకున్నవాడు ఎవరో అతనికి తెలియదు. తట్ట చూశాడు, అంతే. వాళ్ల నిద్రకు ఐసు అమ్మేవాడు ఇచ్చిన విలువ నేనివ్వలేదు. మంచం మీద లేచి కూర్చున్నాను. ఏడ్చానని రాయను, చెమటలో ఏది ఏదో తెలియలేదు.

పెరట్లోకి వెళ్లాను. "అక్కా" అన్నాను. అంతవరకూ ఆమెను అమ్మా, ఏమమ్మా అనే పిలిచేవాణ్ణి. "గా నక్షా పైనుంచి రాలే. పైనుంచొచ్చిన దాంట్ల మొకం ఉత్తరానికే ఉండె. నేనే తిప్పిన."

ఆమె చేట కింద పెట్టింది. "ఏం తిప్పినవు?"

"కాయిదం."

"కాయిదం తిప్పితే గిన్ని ఇండ్లు తిరిగినయా?"

"తిరిగినయి."

"ఎందుకు తిప్పినవు తమ్మీ?"

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. తమ్మీ అంది. రోడ్డు మీంచి చూస్తే బాగుంటుందని అన్నాను. ముసలమ్మ "అయ్యో పిచ్చి పోరడా" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె మాత్రం చేట మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"మా ఇల్లయితే కట్టుడైపాయె. మల్ల తిప్పొస్తదా ఏంది? గా అవుతల గూటాలు కొట్టిండ్రు గద, గవ్వన్న తిప్పు. గా ఇండ్లకు వచ్చెటోళ్ల కాళ్లన్న ఉంటయి" అంది.

మా పై ఇంజినీరు నిజాం కాలం నుంచి ఉన్న పెద్దాయన. కోపిష్టి, కానీ పని తెలిసినవాడు. మరునాడు పొద్దున్నే రెండు నక్షాలు, పైనుంచి వచ్చినది ఒకటి, నేను గీసినది ఒకటి, బల్ల మీద పక్కపక్కన పరిచాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండు ఉత్తరం బాణాల మీదా వేలు పెట్టాడు.

"ఏం మియా, ఉత్తరం నువ్వు పిలిచిన దిక్కుకు వస్తదా?" అన్నాడు.

ఎందుకు చేశానో చెప్పాను. ఆమెతో చెప్పిన మాటే.

"రోడ్డు మీద పోయెటోని కోసం ఇండ్లు కట్టినవ్. ఇంట్ల ఉండెటోని కోసం కాదు" అన్నాడు. కళ్లద్దాలు తీసి, "తప్పు నాది గూడ ఉన్నది. సంతకం పెట్టేటప్పుడు నంబరు చూసిన, బాణం చూడలే" అన్నాడు. ఆయన అలా అనవలసిన అవసరం లేదు. నా ఫైలులో రాయవలసింది రాశాడు. నాకు రావలసిన పై హోదా ఆ ఏడు రాలేదు, తరువాత కూడా చాలాకాలం రాలేదు. కానీ ఆ సాయంత్రమే గూటాలు పీకించి, ఉత్తరానికి మళ్లీ ముగ్గు పోయించాడు. ముగ్గు దారిలో మిగిలిన నాలుగు ఇప్పచెట్లూ రెండు లైన్ల మధ్యకు వచ్చాయి. లైన్లు కొద్దిగా జరిగి వాటికి చోటిచ్చాయి.

మొదటి ఆరు లైన్ల సంగతి నేను అడిగితే, గీత దాటి పందిరి వేసుకోవడానికి అందరికీ అనుమతి రాసిచ్చాడు. బోథ్ ఆయన ఇంటి ముందు గుంజలు నేనే నిలబడి పాతించాను. నేను పీకించిన గుంజల గుంతలు అలాగే ఉన్నాయి. కొత్తగా తవ్వే పని పడలేదు. పడమటి వైపు మోకాళ్ల ఎత్తుకు తాటాకు దించాము, పాత గుడిసె చూరులాగే. ఆమె గోడకు బయట మట్టి మెత్తింది.

ఇది చెప్పి ముగిస్తే నేను మంచివాణ్ణని అనిపించవచ్చు. అందుకే ఇంకో మాట. నిజం నేను ఆ ఇద్దరు ఆడవాళ్లకూ, ఇంజినీరుకూ మాత్రమే చెప్పాను. ఆరు లైన్లలో మిగిలిన ఇళ్లవాళ్లు, నేనక్కడ ఉన్నంతకాలం, నక్షా పైనుంచే వచ్చిందనుకున్నారు. పందిరి అనుమతి ఇప్పించానని కొందరు నాకు దండం పెట్టారు. ఆ దండాలు తీసుకున్నాను.

బోథ్ ఆయనకు కూడా నా నోటితో చెప్పలేదు. దవాఖానా నుంచి వచ్చాక అతను కొంచెం ఎగిరినట్టు నడిచేవాడు. మళ్లీ రాత్రి షిఫ్టుకే దిగాడు. భార్య చెప్పే ఉంటుంది. ఒకసారి దారిలో ఎదురుపడి, "సారూ, మీకు మా మంచం మీద నిద్ర పట్టలేదంట గద. నులక వదులైంది, బిగిస్త, మల్ల రాండ్రి" అన్నాడు.

మరుసటి ఎండాకాలం నన్ను కరీంనగర్ వైపు ఒక రోడ్డు పనికి పంపారు. వెళ్లేముందు చెప్పి పోదామని ఒక మధ్యాహ్నం వచ్చాను. ముందు కొత్త లైన్ల మధ్య నడిచాను. పొడుగు గోడల మీద ఎండ లేదు. ఇప్పచెట్ల కింద మంచాలున్నాయి. వాకిళ్లలో తట్టలు, ఒక ఇంటి తరువాత మరో ఇంట్లో. లెక్కపెట్టబోయి మానుకున్నాను. తరువాత పాత లైన్లకు వచ్చాను. అక్కడ తట్టలు పలుచగానే ఉన్నాయి. పందిరి వేసుకోలేని ఇళ్ల మగవాళ్లు ఇంకా తూములోనే ఉన్నారు.

బోథ్ ఆయన ఇంటి ముందు పందిరి కింద మసక చీకటిగా ఉంది. "అక్కా, పోయొస్త..." అని మొదలుపెట్టాను.

ఆమె గబుక్కున లేచి నోటి మీద వేలు పెట్టుకుంది. కళ్లతో కిందికి చూపించింది. నా కాలి దగ్గరే తట్ట బోర్లించి ఉంది. ఈసారి కూడా నేను చూసుకోలేదు.

"ఇప్పుడిప్పుడే కన్నంటుకున్నది తమ్మీ. మెల్లగ" అంది గుసగుసగా.

తలుపు సందులోంచి అతని గురక వినపడుతోంది. చెప్పదలుచుకున్నదేదీ చెప్పకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ పందిరి నీడ దాటేదాకా అలాగే నడిచాను.